ఎల్బీనగర్ నుంచి సూర్యాపేట: చారిటీ సైకిల్ రైడ్‌లో మొదటి రోజు ఎలా తొక్కాలి?

హైదరాబాద్ నుంచి విజయవాడకు 65వ నంబరు జాతీయ రహదారి మీద రెండు రోజుల రైడ్. మొదటి రోజు ఎల్బీనగర్ నుంచి సూర్యాపేట దాకా, దాదాపు 125 కిలోమీటర్లు. మేం తలసీమియా పిల్లల కోసం తొక్కుతాం. జబ్బు తీవ్రంగా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. వాళ్ల పేరు చెప్పి బయల్దేరినప్పుడు ఎవరు ముందు చేరారన్న లెక్కే ఉండకూడదు. అందరం క్షేమంగా చేరామా లేదా, అదొక్కటే చూడాలి.

డిసెంబరు, జనవరి నెలలు మంచివి. ఎండాకాలంలో వద్దు.

1. ముందు రోజు సాయంత్రం సైకిల్ చూసుకోండి

టైరు పక్కన ఎంత గాలి పట్టాలో అంకె ఉంటుంది, ఆ మేరకు కొట్టండి. బ్రేక్ రబ్బర్లు అరిగితే మార్చండి. చైన్ తుడిచి నూనె వేయండి. సీటు ఎత్తు సరిచూడాలంటే, పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ ఆనించండి. కాలు నిటారుగా చాచుకోవాలి. ఎత్తు తక్కువైతే మోకాళ్ల నొప్పి సగం దూరంలోనే మొదలవుతుంది. ఒక స్పేర్ ట్యూబ్, టైరు ఊడదీసే లీవర్లు, చిన్న పంపు ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. హెల్మెట్ లేనివాళ్లను రైడ్‌కు రానివ్వకండి. ఈ విషయంలో మొహమాటం వద్దు.

2. ఐదింటికల్లా బయల్దేరండి

నాలుగింటికి లేచి రెండు ఇడ్లీలో, కాస్త ఉప్మానో తినండి. ఖాళీ కడుపుతో వద్దు. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు వెలగాలి. పొగమంచు కమ్మి ముందు సైకిల్ కనబడకపోతే ఆగిపోండి, అది తేలాకే కదలండి. అరగంట ఆలస్యమైతే కొంప మునిగిపోదు.

3. ఒకరి వెనక ఒకరు

ఆరుగురు, ఎనిమిది మందికి మించకుండా జట్లు చేయండి. రోడ్డు అంచున ఉండే తెల్లగీతకు ఎడమవైపే ఒకే వరుసలో, ముందు సైకిల్‌కు, మీకు మధ్య కనీసం ఒక సైకిల్ పొడవు వదిలి తొక్కండి. ముందున్న మనిషి గుంత చూస్తే చేత్తో చూపించి "గుంత!" అని అరవాలి. ఆ మాట చివరి మనిషి దాకా అందాలి. ఆ అంచున రాంగ్ రూట్లో బైకులు, ట్రాక్టర్లు ఎదురొస్తాయి. వడ్లు ఎండబోసే రోజుల్లో బంగారు రంగు కుప్ప పక్కన గింజలు చెదిరిపోకుండా రాళ్లు పేర్చి ఉంటాయి. తలవంచుకుని తొక్కేవాడికి ఆ రాయి చివరి క్షణంలో గానీ కనబడదు. అక్కడ దిగి, వడ్లు తొక్కకుండా నడిపించుకుని వెళ్లండి. అది ఒక రైతు కష్టం.

జట్టు చివర అనుభవమున్న మనిషిని పెట్టండి. స్వీప్ అంటాం. ఎవరు ఆగినా అతను ఆగుతాడు. జట్టు వేగం అందరికన్నా నెమ్మదిగా తొక్కేవాళ్లదే. గంటకు 18 కిలోమీటర్లంటే చాలు.

డిసెంబరులో గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి వీస్తుంది. మనం వెళ్లేది అటే కాబట్టి ఎదురుగాలి తప్పదు. ముందున్నవాళ్లు ఐదు నిమిషాలకోసారి మారితే ఆ భారం అందరికీ పంచినట్టవుతుంది.

4. దాహం వేయకముందే తాగండి

మొదటిసారి నేను చేసిన తప్పు ఇదే. చలిగా ఉంది కదా, చెమట పట్టట్లేదు కదా అని చౌటుప్పల్ దాటి చాలా దూరం దాకా నీళ్లు ముట్టలేదు. నకిరేకల్ దగ్గరికి వచ్చేసరికి పిక్కలు పట్టేసి సైకిల్ దిగలేకపోయాను. రోడ్డు పక్కన బత్తాయిలు అమ్ముతున్న పెద్దాయన చూసి వచ్చి, "కూసో బిడ్డా" అని చెంబుడు ఉప్పు మజ్జిగ ఇచ్చాడు. డబ్బులు ఇవ్వబోతే, ఎవరి కోసం తొక్కుతున్నానో అడిగాడు. చెప్పాక తీసుకోలేదు.

పావుగంటకోసారి రెండు గుక్కలు తాగండి. గంటకు సుమారు అర లీటరు, ఎండెక్కాక ఇంకాస్త ఎక్కువ. ఉత్త నీళ్లే వద్దు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్నింట్లోనే కలపండి. గంటకోసారి అరటిపండో, పల్లీ చిక్కీయో తినండి. నార్కట్‌పల్లి దగ్గర సరిగ్గా కూర్చుని టిఫిన్ చేయండి. నూనె పూరీలు మాత్రం వద్దు.

5. పది దాటాక

ఎండ చురుక్కుమంటుంది, మాటలు తగ్గిపోతాయి. ప్రతి 20 కిలోమీటర్లకు నీడలో పది నిమిషాలు ఆగండి. అంతకన్నా ఎక్కువైతే కాళ్లు బిగుసుకుంటాయి. తల తిరుగుతున్నా, వికారంగా ఉన్నా దాచకండి, వెంట వచ్చే బండి ఎక్కేయండి. బండి ఎక్కినవాళ్లకు విరాళం తగ్గించే దాతను నేనింతవరకూ చూడలేదు. కేతేపల్లి దాటి మూసీ వంతెన వచ్చిందంటే సూర్యాపేట దగ్గరికి వచ్చినట్టే. అక్కడ వేగం పెంచాలనిపిస్తుంది. అప్పుడే చివరి మనిషి కోసం ఆగండి, ఊళ్లోకి అందరూ కలిసే వెళ్లండి.

6. చేరాక

మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య చేరతారు. ముందు ఇంటికి ఫోన్ చేయండి. స్నానం చేసి పప్పన్నం, పెరుగు తినండి. రాత్రి పడుకునేలోపు విరాళం ఇచ్చిన ప్రతి ఒక్కరికీ ఇవాళ ఎంత దూరం తొక్కారో చెప్పి, ఒక ఫోటో, రసీదు పంపండి. విరాళాలు నేరుగా ఆ పిల్లల కోసం పనిచేసే సంస్థ ఖాతాలోకే వెళ్లేలా చూడండి, చేతికి నగదు తీసుకోకండి. ఆ పనయ్యాక చైన్ తుడిచి, సీసాలు కడిగి బోర్లించి, అలారం నాలుగింటికి పెట్టండి. విజయవాడ ఇంకా 140 కిలోమీటర్లుంది.