జూన్ సెలవులకు ముందు ఒకసారి పిల్లాడి గది తలుపు తట్టండి

సింగపూర్ బళ్లకి జూన్‌లో నాలుగు వారాలు సెలవులు. ఇంట్లో ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తుంటే, ఊరి నుంచి అమ్మమ్మో తాతయ్యో వస్తే తప్ప, పదిహేనేళ్ల పిల్లాడికి పగలంతా తోడు ఫోనే. "మావాడు బంగారం, గది దాటి బయటికి రాడు" అని మురిసిపోతాం చూశారా, నాకు టెన్షన్ అక్కడే. ఆ ఫోనులోంచే ఉగ్రవాదం తలకెక్కించుకున్న పిల్లలున్నారు.

2020 డిసెంబర్‌లో ఇక్కడ అంతర్గత భద్రతా చట్టం (విచారణ లేకుండానే నిర్బంధించే చట్టం) కింద పట్టుకున్న కుర్రాడికి పదహారేళ్లు. భారతీయ సంతతి, ప్రొటెస్టెంట్ క్రైస్తవుడు. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపినవాడి వీడియో చూసి, వాడినే ఆదర్శంగా పెట్టుకున్నాడు. తన ఇంటి దగ్గరి రెండు మసీదుల మీద సరిగ్గా 2021 మార్చి 15నే దాడి చేయాలనుకున్నాడు. అవి కూడా బడి సెలవులే. తూటాలు ఆపే జాకెట్ ఆన్‌లైన్‌లో కొనేశాడు. కారు అద్దెకు తీసుకోవడానికి నాన్న క్రెడిట్ కార్డు తీద్దామనుకున్నాడు. ఇంట్లోవాళ్లకు ఈ పథకం సంగతే తెలియదు.

అందుకే ఇది ఫలానా మతం వాళ్ల గొడవ, మనకెందుకులే అనుకోకండి.

సెలవులు మొదలవకముందే ఇంటికి వచ్చే పార్సిళ్లు, కార్డు బిల్లులు చూసే అలవాటు చేసుకోండి. ఫోను లాక్కోవడం వల్ల లాభం లేదు, ఇంకోటి సంపాదిస్తాడు. దాని బదులు రాత్రి భోజనాల దగ్గర "ఇవాళ ఏం చూశావురా" అని అడిగి, చెప్పింది చివరిదాకా వినండి. ఒక మతం వాళ్లందరినీ పురుగులన్నట్టు మాట్లాడడం, చంపినవాళ్లను వీరులనడం, పాత స్నేహితులను ఉన్నట్టుండి వదిలేయడం ఇవన్నీ కలిసి కనిపిస్తే తేలిగ్గా తీసుకోకండి. గడ్డం పెంచినా, మాల వేసుకున్నా, రోజూ చర్చికి వెళ్లినా అది భక్తే. దాన్ని దీనితో కలపొద్దు. అన్నట్టు, ఫ్యామిలీ గ్రూపులో మనం నవ్వుతూ పంపే ఫార్వర్డులు కూడా వాడు చదువుతూనే ఉంటాడు.

అనుమానం గట్టిపడితే కొట్టకండి, హడావిడిగా ఇండియా విమానం ఎక్కించకండి. పరువు పోతుందని దాచడం అన్నిటికంటే ప్రమాదం. సింగపూర్ అంతర్గత భద్రతా విభాగం హెల్ప్‌లైన్ 1800-2626-473. వాడు ఏదైనా చేశాక చెప్పడం కంటే మాటల్లో ఉండగా చెబితే బయటపడే దారులు ఎక్కువ.

ఆ కుర్రాడికి మానసిక నిపుణులనూ, మతం గురించి మాట్లాడడానికి క్రైస్తవ కౌన్సెలర్‌నూ పెట్టారు. మూడేళ్లు దాటాక, 2024 జనవరిలో షరతులతో వదిలారు. అంత సమయం పడుతుంది. ఒక్కసారి మందలించి పంపితే ఏమవుతుందో హైదరాబాద్‌లో చూశాం: 2014లో ఐసిస్ ఉగ్రవాద సంస్థలో చేరడానికి సిరియా దారి పట్టిన కుర్రాళ్లను పశ్చిమ బెంగాల్‌లో ఆపి, కౌన్సెలింగ్ చేసి ఇళ్లకు పంపితే, వాళ్లలో కనీసం ఒకడు 2015 డిసెంబర్‌లో మళ్లీ బయల్దేరి నాగపూర్ విమానాశ్రయంలో దొరికాడు.

కాబట్టి అలాంటి పిల్లాడు మీ ఇంటికి తిరిగొస్తే, కౌన్సెలర్ దగ్గరికి వెళ్లే రోజు ఆఫీసుకి సెలవు పెట్టి మీరే తీసుకెళ్లండి. కోపం వచ్చినప్పుడల్లా పాత సంగతి తవ్వకండి. పెళ్లిళ్లకీ పండగలకీ దాచిపెట్టకుండా అందరితో కూర్చోబెట్టండి. ఎవరైనా గుచ్చి అడిగితే జవాబు వాడి మీదకి తోయకండి, మీరే చెప్పండి.