కోతుల గుంపులో కొట్లాటలు: ఎందుకు వస్తాయి, ఏం చేయాలి

జూలోనో పునరావాస కేంద్రంలోనో కోతులు కొట్టుకుంటే ముందుగా వచ్చే మాట, "ఆ రౌడీ కోతిని తీసి పక్కన పెట్టండి" అని. నేను చూసిన పెద్ద గొడవల్లో చాలావరకు అలా ఒక కోతిని తీసేశాకే మొదలయ్యాయి. అందుకే తీసే ముందు, గొడవ ఎక్కడ మొదలైందో చూడాలి. ఇక్కడ రాసేది మనకు తెలిసిన ఎర్రమూతి రీసస్ కోతుల గురించి. దక్షిణాది టోపీ కోతి కొంచెం నెమ్మదస్తురాలు.

మేత వేసేటప్పుడే కొట్లాట

ఇది తేలికైన కేసు. మేతంతా ఒకే తొట్టిలో పోస్తే గుంపులో పెత్తనం చేసే పై కుటుంబం కోతులు చుట్టూ కూర్చుని బుగ్గసంచులు నిండేదాకా లేవవు. మిగతావి ఎగబడతాయి, తన్నులు తింటాయి. శనగలు, పల్లీలు ఎండుగడ్డిలో కలిపి నేలంతా చల్లండి. వెతుక్కోవడంలోనే వాటికి పొద్దుపోతుంది. పండ్లు చిన్న ముక్కలుగా కోసి, కుటుంబాల లెక్క కంటే ఒకటి రెండు ఎక్కువ చోట్ల పెట్టండి. మధ్యలో వెదురు తడకలు కడితే, ఒకచోట తినేది ఇంకోచోట తినేదానికి కనబడదు.

ఒకే కోతికి మళ్ళీ మళ్ళీ గాయాలు

గాటు ఎక్కడుందో చూడండి. ముఖం మీద, చేతుల మీద ఉంటే అది ఎదురు తిరిగి పోరాడింది. నడుము మీద, పిర్రల మీద, తోక మీద ఉంటే పారిపోతూ దొరికిపోయింది. రెండో రకంలో తప్పు చాలాసార్లు ఎన్‌క్లోజర్‌దే. ఒకే గుమ్మం ఉన్న గూడు, గోడ దగ్గర ఆగిపోయే కొమ్మ, మూల తిరిగితే దారిలేని చప్టా. గూటికి రెండో గుమ్మం పెట్టించి, కొమ్మల్ని తాళ్లతో ఒకదానికొకటి కలపండి.

కోరపన్ను గాయం పైకి చిన్న చుక్కలా కనిపించి లోపల లోతుగా ఉంటుంది. "చిన్నదేలే" అనుకోకుండా డాక్టర్‌కు చూపించాలి. బొచ్చు ఊడటం మాత్రం ప్రతిసారీ దెబ్బల వల్ల కాదు. చూలు, కాలం మార్పు, ఊరికే పీక్కునే అలవాటు కూడా కారణం కావచ్చు.

కుటుంబం మీద కుటుంబం పడటం

అసలు భయపడాల్సింది దీనికే. గంటలో ప్రాణాలు పోవచ్చు.

రీసస్‌లో ఆడకోతులు పుట్టిన గుంపులోనే ఉండిపోతాయి. కూతురి హోదా తల్లి తర్వాతి స్థానం. అక్కచెల్లెళ్లలో సాధారణంగా చిన్నదానిదే పైచేయి, మన ఇళ్లకు పూర్తిగా తిరకాసు. పై కుటుంబపు పెద్ద ఆడది జబ్బుపడినా, చనిపోయినా, మనం బయటికి తీసుకెళ్లినా కింది కుటుంబం ఆ ఖాళీని వెంటనే పసిగడుతుంది.

ఒకచోట పెద్ద ఆడకోతికి పంటి దగ్గర చీము పట్టిందని తీసుకెళ్లి పన్నెండు రోజులు ఆసుపత్రి బోనులో ఉంచారు. తిరిగి తెచ్చి నేరుగా గుంపులో వదిలారు. మామూలుగా దాన్ని చూస్తే రెండో కుటుంబపు ఆడది పళ్లికిలించి పక్కకు జరగాలి. సందర్శకులు నవ్వు అనుకునే ఆ పళ్లికిలింపు నిజానికి లొంగుబాటు. ఆ రోజు అది పక్కకు జరగలేదు, పళ్లికిలించలేదు. తిన్నగా కళ్లలోకి చూసింది. కాసేపట్లోనే దాని కూతుళ్లు కూడా మీద పడ్డారు. నీళ్ల పైపు కొడితే గానీ వదల్లేదు.

ఆపగలిగిన గొడవే అది. చికిత్స వీలైతే ఆ రోజే ముగించి పంపాలి. వీలుకాకపోతే జాలీకి అవతల, గుంపుకు కనబడేలా ఉంచాలి, తోడుగా ఒక కూతురిని కూడా.

గొడవ మొదలైపోతే అరవడం, కర్ర పట్టుకుని లోపలికి దూకడం వద్దు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, బెదిరిన కోతి తనకంటే చిన్నదాన్ని పట్టుకుని కొరుకుతుంది. పక్కగది తలుపు తీసి ఓడుతున్న కుటుంబాన్ని అటు వెళ్లనివ్వండి. ఇందుకోసమే మామూలు రోజుల్లో రోజూ ఆ తలుపు గుండా పిలిచి మేత పెట్టే అలవాటు చేయాలి. విడిపోయిన కుటుంబాన్ని కలిపే ఉంచండి, ఆ గుంపులోకి మళ్ళీ పంపే ఆలోచన మాత్రం మానుకోండి.

గొడవలు ఆపే మగకోతి లేకపోవడం

కొన్ని పెద్ద మగకోతులు కొట్లాట మధ్యకు వెళ్లి, ఎవరి పక్షమూ పట్టకుండా విడదీస్తాయి. అమెరికాలోని యెర్క్స్ ప్రైమేట్ (కోతిజాతి) పరిశోధన కేంద్రంలో, రీసస్‌కు దగ్గరి చుట్టాలైన పందితోక కోతుల గుంపు నుంచి అలాంటి మగవాటిని తాత్కాలికంగా తీసి చూశారు. కొట్లాటలు పెరిగాయి, ఒకదానితో ఒకటి ఆడుకోవడం, పేలు చూసుకోవడం కొద్దిమంది మధ్యకే కుంచించుకుపోయాయి. 2006లో ఈ ఫలితాలు వచ్చాయి. మీసం తిప్పుతున్నట్టు కనిపించేదాన్నల్లా రౌడీ అనుకుని తీసేయకండి.

తీయాల్సింది ఎక్కువగా కుర్ర మగవాటిని. అడవిలో అయితే నాలుగైదేళ్లకు అవే గుంపు వదిలిపోతాయి. ఇక్కడ తాళం మన చేతిలో ఉంది కాబట్టి తల్లి అండతో కూర్చుని తగవులు పెడతాయి. ఈడువాటిని ఇద్దరు ముగ్గురిని కలిపి వేరే మగగుంపుకు మార్చండి.

కొత్తది రాగానే గొడవ

జాలీకి అటూ ఇటూ వారాలపాటు ఉంచండి. పెదవులు టపటపలాడించడం, జాలీలోంచి పేలు చూడటం కనిపించాకే తలుపు తీయాలి. గుంపు కూర్పే తప్పయితే ఎంత జాగ్రత్తా పనిచేయదు. 1925లో లండన్ జూ దాదాపు మగవే ఉన్న హమద్రియాస్ బబూన్ల (ఆఫ్రికా, అరేబియాల్లో ఉండే పెద్ద కోతుల) గుంపును ఒక రాతి గుట్ట మీద వదిలింది. తర్వాత ముప్ఫై ఆడవాటిని చేర్చితే వాటి కోసం జరిగిన పోరులో చాలా చచ్చిపోయాయి.

ఈ పనిలో కీపర్‌కే కాటు పడితే సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రేబీస్ ఒక్కటే కాదు, రీసస్ నుంచి బి వైరస్ (కోతుల్లో ఉండే హెర్పెస్ రకం, మనిషికి సోకితే ప్రాణాంతకం) కూడా రావచ్చని డాక్టర్‌కు మీరే చెప్పండి.