కొత్త కరాటే బెల్టు ముడి జారిపోతుంటే

మా అమ్మాయి కొత్త బెల్టు అట్టలా బిగుసుకుపోయి, కటా (వరుసగా చేసే కరాటే కదలికలు) సగంలోనే ముడి ఊడిపోయేది. ఇలా చేశాం. బెల్టును ఒక చివర నుంచి చాపలా బిగించి చుట్టి, విప్పి, రెండో చివర నుంచి చుట్టాలి. ఇలా పదిసార్లు. తర్వాత జానెడు జానెడు పట్టుకుని తడిబట్ట పిండినట్టు మెలిపెట్టాలి. రాత్రికి గట్టిగా ముడివేసి వదిలేయాలి. రోజుకు 10 నిమిషాల చొప్పున 5 రోజులకు మెత్తబడింది, ముడి నిలిచింది. పాతదిలా కనిపించాలని గరుకు కాగితంతో రుద్దేవాళ్లున్నారు, అది మాత్రం వద్దు. సాధనతో అరిగిన బెల్టుకే ఆ అందం. నీళ్లలో నానబెట్టకండి, రంగు దిగి తెల్ల డ్రెస్సుకు అంటుకుంటుంది. శాటిన్ బెల్టుకు ఈ మెలి పనికిరాదు, పోగులు లేస్తాయి.