ఒడిశా బరంపురంలో చిన్న ఎస్‌యూవీ బుక్ చేసే ముందు

అడ్వాన్సు కట్టకముందే టేపు పట్టుకుని ఇంటి ముందు చోటు కొలవండి. నాలుగు మీటర్ల లోపు బండ్లన్నీ ఒకే పొడవుండవు. టాటా పంచ్, హ్యుందాయ్ ఎక్స్‌టర్ 3.8 మీటర్ల పైచిలుకు, మారుతి ఫ్రాంక్స్ దాదాపు 4 మీటర్లు. పెద్ద బజారు సందుల్లో ఎదురుగా ఆటో వస్తే ఆ తేడా తెలుస్తుంది.

టెస్ట్ డ్రైవ్‌కి ఇంటిల్లిపాదినీ ఎక్కించి, ఏసీ వేసి, మీరు రోజూ తిరిగే దారిలోనే నడపండి. అమ్మానాన్నలు మోకాళ్ల నొప్పి లేకుండా ఎక్కి దిగగలుగుతున్నారా? నాకైతే మైలేజీ కంటే ఇదే ముఖ్యం. ఏఎంటీ గేర్లయితే (క్లచ్ తొక్కే పని లేకుండా వాటంతటవే మారేవి) ట్రాఫిక్‌లో కుదుపు ఎంతుందో చూడండి.

రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిరిగేవాళ్లు డీజిల్ జోలికి వెళ్లకండి. ఇంజను సరిగా వేడెక్కక డీపీఎఫ్‌లో, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో, మసి పేరుకుంటుంది.

అన్నిటికన్నా జాగ్రత్త రిజిస్ట్రేషన్ దగ్గర. ఆంధ్రాలోని ఇచ్ఛాపురం పక్కనే కదా, చుట్టాల అడ్రసు మీద ఆంధ్రా నంబరు వేయిద్దాం అనుకుంటారు మనవాళ్లు. వద్దండీ. మీరు ఉండే చోట, బండి ఉండే చోట చేయించాలి. వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంటే పాత ఆర్టీఓ ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి కొత్త నంబరు తీసుకోవాలి, రోడ్ టాక్స్ మళ్లీ కట్టాలి. రైల్వే, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైతే బీహెచ్ సిరీస్ (రాష్ట్రం మారినా మార్చక్కర్లేని నంబరు) గురించి అడగండి.

క్రాష్ టెస్ట్ స్టార్లు చూసేటప్పుడు, మీరు కొనే వేరియంట్‌లో ఎన్ని ఎయిర్‌బ్యాగులున్నాయో కాగితం మీద రాయించుకోండి. డెలివరీ రోజు తయారీ నెల కూడా చూడండి.