తుఫాను నెలలు రాకముందే మీ సర్వర్ ర్యాక్ కరెంటు చూసుకోండి

బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త వస్తే చాలు, విశాఖలో సర్వర్ రూములు చూసుకునేవాళ్లకి టెన్షన్ మొదలవుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మన ఊరి దగ్గరే తీరం దాటింది. స్తంభాలు నేలకూలాయి, చాలా కాలనీలకు రోజుల తరబడి కరెంటు లేదు. అందుకే ఈ పనులు సెప్టెంబర్‌లోనే ముగించుకోండి. హెచ్చరిక వెలువడ్డాక ఎలక్ట్రీషియన్ దొరకడు, బంకుల దగ్గర డీజిల్ కోసం క్యూలు కడతారు.

మొట్టమొదట చూడాల్సింది ‘ఏ’, ‘బీ’ ఫీడ్లు, అంటే ర్యాక్‌కి రెండు వేర్వేరు దారుల్లో వచ్చే కరెంటు. సర్వర్‌కి రెండు పవర్ సప్లైలు, ర్యాక్‌కి రెండు పీడీయూలు (సర్వర్లకు కరెంటు పంచే సాకెట్ల పట్టీలు) ఉన్నాయి కాబట్టి ఒకటి పోయినా ఇంకోటి కాస్తుందని అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. అప్పట్లో నేను పనిచేసిన ఆఫీసులో ఒక్కో పీడీయూ మీద 11 ఆంపియర్ల లోడు ఉండేది, ఎంసీబీలు (లోడు మించితే వాటంతట అవే పడిపోయే బ్రేకర్లు) 16 ఆంపియర్లవి. ఇంకా 5 ఆంపియర్లు ఖాళీ ఉందనే ధీమా. బ్యాటరీలు మార్చడానికి ‘ఏ’ వైపు యూపీఎస్ ఆపాం. ఏమీ కాలేదు. అందరం టీకి వెళ్లాం. కాసేపటికి ర్యాక్ మొత్తం ఆరిపోయింది. ‘ఏ’ వైపు లోడంతా ‘బీ’ మీద పడి 22 ఆంపియర్లయింది. అంత లోడుకి ఎంసీబీ వెంటనే పడిపోదు, లోపల వేడెక్కి నిదానంగా పడుతుంది. అందుకే మోసపోయాం.

లెక్క ఇలా వేసుకోండి. 16 ఆంపియర్ల లైను మీద ఎప్పుడూ నడిచే లోడు 80 శాతం, అంటే 12.8 దాటకూడదు. ఏ, బీ రెండూ కలిపి అంతే. మామూలు రోజుల్లో ఒక్కోటి 6.4 దగ్గర ఆగాలి. 32 ఆంపియర్లదైతే ఒక్కోటి 12.8. లెక్క సరిపోయినా నిజంగా ఆపి చూడాల్సిందే. ఒక ఆదివారం బ్యాకప్ తీసుకుని, అందరికీ చెప్పి, ‘ఏ’ వైపు ఆపేసి అరగంట కూర్చోండి. తర్వాత బీ వైపు. ఒకే సర్వర్ తీగలు రెండూ ఒకే పీడీయూకి గుచ్చి ఉండటం, పీడీయూలు రెండూ ఒకే యూపీఎస్ నుంచి రావడం అప్పుడే బయటపడతాయి. ర్యాక్ పైన ఒంటి తీగతో నడిచే నెట్‌వర్క్ స్విచ్‌ని మాత్రం మర్చిపోకండి. అది ఆగితే సర్వర్లన్నీ వెలుగుతూనే ఉంటాయి, ఒక్కటీ అందదు.

తర్వాత కనెక్షన్లు. సముద్రపు గాలి తగిలే రుషికొండ, బీచ్ రోడ్డు వైపు ఆఫీసులు ఇది మరింత శ్రద్ధగా చూడాలి. ఉప్పుగాలికి రాగి మీద పచ్చగా చిలుము పడుతుంది. ఒకసారి ఇండస్ట్రియల్ ప్లగ్గు విప్పితే న్యూట్రల్ స్క్రూ కింద తీగ నల్లబడి, దాని ఇన్సులేషన్ గట్టిపడి, గోరు తగలగానే పెళుసుగా రాలింది. బయటికి ప్లగ్గు కొత్తదానిలాగే ఉంది. సప్లై పూర్తిగా ఆపించి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో ప్రతి స్క్రూ బిగింపు చూపించండి. ఎర్తింగ్ క్లాంపులు తుప్పు పట్టాయేమో కూడా చూడమనండి. సర్వర్ పవర్ సప్లై ఒక్కోటి కొద్దిపాటి కరెంటును ఎర్త్‌లోకి వదులుతుంది. ఎర్త్ తెగితే అది ర్యాక్ బాడీలోనే నిలిచి షాక్ కొడుతుంది. పీడీయూకి ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి లాగడం వద్దే వద్దు.

యూపీఎస్ బ్యాటరీల విషయంలో ప్యానెల్ మీద చూపించే నిమిషాలను నమ్మకండి. మెయిన్స్ ఆపి, లోడు మీద ఒక్కో బ్యాటరీ వోల్టేజీ కొలవండి. వరసలో ఒక్కటి కుంగినా మొత్తం వరస కుంగుతుంది. పక్కలు ఉబ్బినవి ఉంటే ఆలోచించకుండా తీసేయించండి. బ్యాటరీలు నేల మీద ఉంటే ఇనప స్టాండు మీదికి ఎక్కించండి. తుఫాను గాలికి వాన అడ్డంగా కొడుతుంది, కేబుళ్ల కోసం గోడకి కొట్టిన కన్నంలోంచి నీళ్లు వచ్చేస్తాయి. బయట వైపు తీగని కన్నం కంటే కిందికి వంచి పైకి తెస్తే నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. అద్దె జనరేటర్ తెప్పిస్తే ఫేజుల వరస సరిచూడమనండి, తారుమారైతే త్రీఫేజ్ ఏసీ కంప్రెసర్ వెనక్కి తిరుగుతుంది.

తుఫాను రాత్రి బ్యాటరీ చివరిదాకా లాగకండి. సగానికి రాగానే సర్వర్లు, తర్వాత స్టోరేజీ, చివర నెట్‌వర్క్ ఆపేయండి. ఆపైన మెయిన్ స్విచ్ కూడా దింపండి.

కరెంటు తిరిగొచ్చే ఘడియ పోయే ఘడియకంటే ప్రమాదం. లైన్లు కలిపేటప్పుడు న్యూట్రల్ వదులైతే ఒక ఫేజులో 300 వోల్టులు దాటి, ఇంకోదాంట్లో 150కి పడిపోతుంది. పవర్ సప్లైలు కాలేది అప్పుడే. గదిలో తడి లేదని చూసుకున్నాకే మూడు ఫేజులూ న్యూట్రల్‌తో కొలిపించండి. మూడూ 230 దగ్గర అరగంట నిలకడగా ఉంటే ముందు యూపీఎస్ వేయండి. పీడీయూల బ్రేకర్లు అప్పటికి దింపే ఉండాలి. అన్నీ ఒక్కసారి వేస్తే మొదటి క్షణంలో లాగే కరెంటుకే బ్రేకర్ పడిపోవచ్చు. నెట్‌వర్క్, స్టోరేజీ, ఆ తర్వాత సర్వర్లు ఒక్కోటి, మధ్యలో ఒక నిమిషం ఆగి, పీడీయూ మీటర్ చూసుకుంటూ వేయండి.