జపాన్ నీలిమందు కసూరి బట్టను మొదటిసారి ఎలా ఉతకాలి?

క్యుషూ దీవిలోని కురుమే ప్రాంతంలో నేసే నూలు బట్టను కురుమే కసూరి అంటారు. ముదురు నీలం మీద తెల్లటి చుక్కలూ గళ్లూ ఉంటాయి. 1788లో పుట్టిన ఇనోఉయె దెన్ అనే ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడు, వెలిసిన పాతబట్ట పోగులు విప్పి చూసి ఈ పద్ధతి కనిపెట్టిందని చెబుతారు. పోచంపల్లి చూసినవాళ్లకు విషయం తెలిసిందే: పోగులకు ముందే కట్లు కట్టి, రంగులో ముంచి, తర్వాత నేస్తారు.

ముందు బట్ట తిరగేసి చూడండి. కసూరి అయితే రెండు వైపులా డిజైన్ ఒకేలా ఉంటుంది, అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. ప్రింటు బట్టకు సాధారణంగా వెనకవైపు వెలవెలబోతుంది. ఇక అమ్మినవాళ్లను రంగు గురించి అడగండి. చేత్తో కట్లు, సహజ నీలిమందు, చేత్తో విసిరే నాడెతో నేత ఉన్న పద్ధతికి 1957లో జపాన్ ప్రభుత్వం గుర్తింపు ఇచ్చింది. ఇప్పుడు మిషన్ మగ్గాల మీద, కెమికల్ రంగులతో నేసినవీ బాగా దొరుకుతాయి. అవీ మంచివే, కాకపోతే ఈ కింద చెప్పేది సహజ నీలిమందు బట్ట కోసం.

తడి తెల్లగుడ్డతో ఓ మూల రుద్దండి. నీలం అంటుకుంటే టెన్షన్ పడక్కర్లేదు. నీలిమందు నీళ్లలో కరగదు. తొట్టిలో పులిసి రూపం మారినప్పుడే పోగులోకి దిగుతుంది, గాలి తగిలాక మళ్లీ నీలమవుతుంది. పైపైన మిగిలిన పొడే ఇప్పుడు చేతికంటేది.

టబ్‌లో గోరువెచ్చని నీళ్లు పోసి, బట్టను విడిగా ఓ పావుగంట ముంచండి. నీళ్లు టీ రంగులోకి వస్తాయి. జపాన్‌వాళ్లు ఆ మడ్డిని 'అకు' అంటారు (మన ఆకు కాదు). పారబోసి, మళ్లీ నీళ్లు పోసి, తేటగా వచ్చేదాకా జాడించండి.

మురికి ఉంటేనే, బ్లీచ్ లేని తేలికపాటి లిక్విడ్ కొంచెం వాడండి. బ్లీచ్ తగిలితే నీలం పోయినట్టే. బ్రష్ వద్దు, రాత్రంతా నానబెట్టడమూ వద్దు. ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందని మన ఇళ్లల్లో అంటారు గానీ, నీలిమందుకు అది పనిచేయదు.

గట్టిగా పిండకుండా, తిరగేసి నీడలో ఆరేయండి.

మొదటి కొన్నిసార్లు లేత రంగు బట్టల మీదకు వేసుకోకండి. నేను వినలేదు. భుజాన తగిలించుకున్న తెల్ల సంచి పట్టీ ఇప్పటికీ నీలంగానే ఉంది.