మి.లీ.ను చెంచాల్లోకి మార్చడం

బెంగళూరు మారతహళ్లిలో కాపురం పెట్టిన కొత్తలో కేకు చేద్దామని కూర్చున్నా. 60 మి.లీ. నూనె కావాలట. కొలపాత్ర లేదు. అమ్మ ఇచ్చిన స్టీలు చెంచాలు మాత్రం డజను ఉన్నాయి.

లెక్క సులువే. టీస్పూన్ 5 మి.లీ., టేబుల్ స్పూన్ 15. 60ని 15తో భాగిస్తే నాలుగు టేబుల్ స్పూన్లు. 20 మి.లీ. అయితే ఒక టేబుల్ స్పూను, ఒక టీస్పూను. ఆస్ట్రేలియా వంటకమైతే జాగ్రత్త, వాళ్ల టేబుల్ స్పూనే 20 మి.లీ.

అసలు తిప్పలు మన చెంచాతోనే, దానిలో ఎన్ని మి.లీ. పడుతుందో తెలియదు. మందుల షాపులో సూది లేని 5 మి.లీ. సిరంజి కొనండి. నీళ్లు పీల్చి, చెంచాను బల్ల మీద కదలకుండా పెట్టి మెల్లగా వదలండి. నా చెంచాకైతే ఒక సిరంజి చాలలేదు, రెండోసారి నింపి మరో 3 మి.లీ. పోస్తే గానీ అంచు దాకా రాలేదు. మొత్తం 8! అంతకుముందు కేకులో వెనిలా ఎసెన్స్ ఎందుకు చేదెక్కిందో అప్పుడర్థమైంది. కాడ మీద నెయిల్ పాలిష్‌తో 8 అని రాసుకున్నా. మా ఆయన ఇప్పటికీ నవ్వుతారు.

100 మి.లీ. దాటితే చెంచాలతో కుస్తీ వద్దు, గ్లాసునే ఇలా కొలిచి గీత పెట్టుకోండి. పిల్లల సిరప్‌కి మాత్రం వంటింటి చెంచా ముట్టుకోకండి, సీసాతో వచ్చిన మూతే వాడండి.